మంచు పదును

ప్లాస్టిక్‌లో కరెంటు పారదని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. మోటారు తీగ మీద తొడుగు ఊడిన చోట చెయ్యి పడితేనే కదా షాకు కొట్టేది! అందుకే, మా అమ్మాయి గుంటూరులో కరెంటు పారే ప్లాస్టిక్ చేస్తోందని నాన్న చెప్పుకు తిరిగినప్పుడు ఊరు ఊరంతా నవ్వింది. టీ కొట్టు దగ్గర నాన్న కనపడితే చాలు, "ఏం మావా, మీ పిల్ల ప్లాస్టిక్‌కి కరెంటొచ్చిందా, ఇంకా కోతేనా?" అని అడిగేవాళ్ళు. నాన్న కూడా నవ్వేసి, "వస్తదిరా. వచ్చినాక మీ ఇళ్ళకి మాత్రం కనెక్షన్ ఇవ్వను" అనేవాడు. ఈ సంగతి అమ్మ చెబితే తెలిసింది. విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

అవి తొంభైల చివరి రోజులు. నాకు ఇరవైతొమ్మిదేళ్ళు. చిలకలూరిపేట నుంచి అద్దంకి పోయే దారిలో, మార్టూరు రాళ్ళ క్వారీల దుమ్ము దాటాక మా ఊరు. మాది దూదేకుల ఇల్లు. తాత విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాడు. నాన్న కాలానికి ఆ పని అడుగంటింది, కౌలుకి చేను పట్టి మిరప వేశాడు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, ఒక ప్రైవేటు కాలేజీలో రెండేళ్ళు పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదులుకుని మరీ రీసెర్చిలో చేరాను. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దని ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాను.

నేను చేసే పని చెప్పటానికి తేలికే. అనిలీన్ అని నూనెలాంటి ద్రవం ఒకటి ఉంటుంది. దాన్ని ఆమ్లంలో కలిపి, ఐసుగడ్డల మధ్య పెట్టి, ఇంకో మందు చుక్క చుక్కగా పోస్తే ముందు నీలంగా, ఆ తరవాత ముదురాకుపచ్చగా తిరుగుతుంది. ఆ పచ్చటి పొడిలో కరెంటు పారుతుంది. పారుతుంది గానీ అది వట్టి మొండిఘటం. వేడి చేస్తే కరగదు, మాడుతుంది. ఏ ద్రవంలో వేసినా అడుగున కూర్చుంటుంది. పొడి పొడిగానే ఉంటే ఏం చేసుకుంటాం? గాజు మీద పూయాలన్నా, గుడ్డకి పట్టించాలన్నా అది ముందు క్లోరోఫాంలోనో, జైలీన్‌లోనో కరగాలి. దానికో ఉపాయం ఉంది. సబ్బుపొడి తయారీలో వాడే జాతి ఆమ్లం, పొడుగాటి తోక ఉన్నది, మామూలు ఆమ్లం బదులు ఇందులో వాడాలి. ఆ తోకకి క్లోరోఫాం అంటే ఇష్టం. తను పోతూ పోతూ ఈ మొండిదాన్ని కూడా లోపలికి లాక్కుపోతుంది. పరదేశాల వాళ్ళు చేసి చూపించారు. వాళ్ళు రాసిన పేపర్ల జిరాక్సులు నా దగ్గర ఉన్నాయి. వాళ్ళకి కరిగింది. నాకు కరగలేదు.

నెల కాదు, రెండు నెలలు కాదు, ఏడాదిన్నర కరగలేదు.

మా గైడు సార్ ఆ జూన్‌లో రిటైరవుతారు. డిపార్టుమెంటులో ఈ సబ్జెక్టు తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఏప్రిల్ ఆఖర్లో కమిటీ కూర్చుంటుంది. ఆ లోపు కరిగించి, వడకట్టి, గాజుపలక మీద పూత పూసి, అందులో కరెంటు పారుతోందని చూపిస్తే థీసిస్ రాసుకోవచ్చు. చూపించలేకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఐదేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. వదిలేసిన ఉద్యోగంలోకి ఎప్పుడో వేరే ఆవిడని తీసుకున్నారు. ఇది నాకు తెలుసు, సార్‌కి తెలుసు. నాన్నకి మాత్రం చెప్పలేదు.

పొద్దున్నే సోడా ఫ్యాక్టరీకి వెళ్ళి ఊకలో పొర్లిన ఐసుగడ్డ తెచ్చుకునేదాన్ని. కడిగి, గోనెపట్టాలో చుట్టి పచ్చడిబండతో పగలగొట్టేదాన్ని. మధ్యాహ్నానికి బీకరులో పచ్చదనం వచ్చేది. రంగు వచ్చిన ప్రతిసారీ నా గుండె ఒక్క క్షణం లేచి నిలబడేది, ఎంత దిక్కుమాలిన ఆశో! వడకట్టి, మిథనాల్‌తో కడిగి, ఎండబెట్టి, చిటికెడు తీసి క్లోరోఫాంలో వేసి ఊపేదాన్ని. ద్రవమంతా పచ్చగా అయ్యేది. కరిగినట్టే ఉండేది. సీసా బల్ల మీద పెట్టి అన్నం తినొచ్చేసరికి పైన తేట, కింద మడ్డి. ఒక్కోసారి ఆ సీసాని గోడకేసి కొట్టాలనిపించేది. ఒకసారి కొట్టాను కూడా. తరవాత గాజుపెంకులు నేనే ఏరుకున్నాను.

సార్ పొద్దున రాగానే గుమ్మంలోంచే అడిగేవారు.

"ఏమ్మా, ఇవాళన్నా కరిగిందా, మా ఆవిడ మనసు లాగా అట్టాగే ఉందా?"

"అట్టాగే ఉంది సార్."

"పాతికేళ్ళు నేను ఓర్చుకోలా? ఓర్చుకో."

మొదట్లో ఇద్దరం నవ్వేవాళ్ళం. సంక్రాంతి దాటాక ఆయన ఆ జోకు మానేశారు. గుమ్మంలో ఆగి నా మొహం చూసి, ఏం అడగకుండా తన గదిలోకి వెళ్ళిపోయేవారు. జోకు వేసినప్పటి కంటే అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

మార్చని సంగతి లేదు. ఆమ్లం పాళ్ళు మార్చాను. చల్లదనం మార్చాను. చుక్కలు పోసే వేగం మార్చాను. కొత్త సీసా అనిలీన్ తెప్పించాను. క్లోరోఫాం బాగోలేదేమోనని దాన్ని మళ్ళీ శుద్ధి చేశాను. దాని వాసన నా జుట్టుకి, దుప్పటికి, ఆఖరికి తాగే నీళ్ళ చెంబుకి కూడా పట్టేసింది. గోళ్ళ సందుల్లో పచ్చదనం సబ్బుకి పోయేది కాదు. బస్సులో పక్కన కూర్చున్నావిడ నా చేతులు చూసి, "గోరింటాకు ఇంకా పండలేదా అమ్మాయ్?" అని అడిగింది. "పండదండీ" అన్నాను.

అన్నీ మార్చాను గానీ ఒక్కటి మార్చలేదు. అది మార్చాలని నాకు తట్టనే లేదు. తట్టకపోవటానికి కారణం చెప్పాలంటే మిరపకాయల సంగతి చెప్పాలి.

మిరప పండించే ఇంట్లో పుట్టినవాళ్ళకి నెమ్ము అంటే పాము కంటే భయం. నెమ్ము అంటే కాయలో మిగిలిపోయిన తడి. కళ్ళంలో కాయ ఎండిందా లేదా అనేది మేం కంటితో చూడం, చెవితో వింటాం. గుప్పెట్లోకి తీసుకుని ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. లేకపోతే ఇంకా ఎండాలి. నా పదో ఏట ఒకసారి కాయలు కళ్ళంలో ఉండగా అకాలవాన పడింది. ఎట్లాగో ఆరబెట్టామనుకుని సంచులకెత్తి గుంటూరు యార్డుకి తీసుకెళ్ళాం. నాన్నతో నేను కూడా వెళ్ళాను. బేరగాడు సంచిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి ఒక గుప్పెడు తీశాడు. కాయలు నల్లబడి, బూజు పట్టి ఉన్నాయి. వాటిని నాన్న కాళ్ళ దగ్గర పారేసి, "ఎండబెట్టటం రానోడివి మిరపెందుకేశావయ్యా?" అన్నాడు. అంతమందిలో! నాన్న వంగి ఆ కాయలు ఏరి సంచిలో వేసుకున్నాడు. ఆ వీపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అందుకని నేను నా పచ్చపొడిని ఎండబెట్టిన ఎండబెట్టటం మామూలుది కాదు. పేపర్లో రాసింది ఏమిటంటే, గాలి తీసేసిన ఓవెన్‌లో అరవై డిగ్రీల దగ్గర ఒక రోజు. మా గాలి తీసే పంపు పాడై రిపేరుకి పోయి ఏడాది దాటింది. మామూలు ఓవెనే ఉంది. అరవై ఏం సరిపోతుందిలే అని నేను నూటపది పెట్టాను. ఒక రోజు చాలదని రెండు రోజులుంచాను. కరెంటు పోతే, పోయిన గంటలు లెక్కకట్టి అన్ని గంటలూ మళ్ళీ ఉంచేదాన్ని. గిన్నె తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపేదాన్ని. పెచ్చులు గాజుకి తగిలి గలగలమంటే అప్పుడు ప్రాణం కుదుటపడేది. పైగా నాకు ఒక తర్కం కూడా ఉంది. నీళ్ళకీ క్లోరోఫాంకీ పడదు. కరగటం లేదంటే ఎక్కడో ఇంకా నెమ్ము ఉందన్నమాట! కరగని ప్రతిసారీ ఇంకో పూట ఎక్కువ ఎండబెట్టాను. నోటుబుక్కులో మాత్రం 'బాగా ఎండబెట్టడమైనది' అని ఒక్క ముక్కే రాసేదాన్ని. సార్ ఆ నోటుబుక్కు అక్షరం అక్షరం చదివేవారు, ఆ ముక్క దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయనది అద్దంకి వైపు రైతు కుటుంబం. బాగా ఎండబెట్టానంటే తప్పు పట్టే మనిషి మా నేల మీద ఎక్కడుంటాడు!

ఫిబ్రవరిలో ఒకరోజు సార్ తన గదిలోకి పిలిచారు. తలుపు దగ్గరికి వేయమన్నారు.

"ఊపిన వెంటనే పచ్చగానే ఉంటది కదమ్మా?"

"ఉంటది సార్. అరగంటకి దిగిపోద్ది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"కమిటీలో ఎవరూ వడకట్టి చూడరు. గాజుసీసా లేపి చూస్తారు, పచ్చగా ఉంది కదా అంటారు, టీ తాగుతారు. పావుగంట పని."

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. ప్రాక్టికల్ రికార్డులో అంకె దిద్దితే రికార్డు చింపేసే మనిషి. ఆ మాట అనేసి నా వైపు చూడలేకపోయారు. నాకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆ ఆలోచన నాకు అప్పటికే పది రోజుల ముందు వచ్చింది.

"నేను చెయ్యలేను సార్" అన్నాను. గొప్పగా అనలేదు.

"మంచిది. నేను అడగలేదనుకో" అన్నారాయన.

ఆ సాయంత్రం హాస్టల్ గదిలో కూర్చుని, నేను పరిశోధన విరమించుకుంటున్నానని యూనివర్సిటీకి అర్జీ రాశాను. కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని రాశాను. సంతకం పెట్టి, కవర్లో పెట్టి, కవరు సంచిలో పెట్టుకుని, మర్నాడు ఊరి బస్సెక్కాను. ముందు నాన్నకి చెప్పి, ఆ తరవాత ఇద్దామని. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. మార్టూరు దగ్గర బస్సు ఆగినప్పుడు ఒక్క మాటా గుర్తు లేదు.

ఇంటికి వెళ్ళేసరికి అందరూ కళ్ళంలో ఉన్నారు. చేను పక్కన నేల చదును చేసి పరిచిన కాయలు, ఎర్రగా, కంటికి ఆనినంత మేర. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు మూతికి గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్నారు. ఘాటుకి నాకు తుమ్ములు ఆగలేదు. నా కళ్ళలో నీళ్ళు చూసి అమ్మ, "పట్నం పోయి సుకుమారమైందమ్మా నా కూతురు" అని నవ్వింది. ఆ ఘాటు నా పరువు కాపాడింది. ఆ రోజంతా ఎంత ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగలేదు.

చెబుదామనుకుంటూనే రాత్రి గడిచిపోయింది. మర్నాడు అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు నేను ఒక్కదాన్నే కళ్ళంలో ఉండిపోయాను. చేతులకి ఏదో ఒక పని లేకపోతే పిచ్చెక్కేట్టు ఉంది. ఎండ నడినెత్తికి వస్తోంది. ఒక పక్క కుప్ప బాగా ఎండి ఉంది. గుప్పెడు తీసి ఊపాను. గలగల. ఇంకేం, ఎండిపోయిందిగా, సంచులకి ఎత్తేద్దాం, నాన్నకి ఒక పని తగ్గుతుంది అనుకున్నాను. మా పిల్లకాయలం ఎప్పుడూ ఎండబెట్టే పనిలోనే ఉండేవాళ్ళం, సంచులకెత్తే వేళకి నిద్రలో ఉండేవాళ్ళం, ఆ తరవాత నేను హాస్టళ్ళ పాలయ్యాను. సంచికెత్తటం ఎప్పుడు ఎట్లా చేస్తారో నేను సరిగ్గా చూసింది లేదు. గోనెసంచి పరిచి, కాయలు నింపి, అందరూ చేస్తారని విన్నట్టే లోపలికి దిగి కాళ్ళతో తొక్కటం మొదలుపెట్టాను. కాలి కింద కరకరమని శబ్దం. నాకు ఆ శబ్దం హాయిగా ఉంది. ఐదేళ్ళ కసి అంతా తీరేట్టు తొక్కాను.

"ఒసే! ఒసే! ఆగవే!"

నాన్న గట్టు మీద నుంచి పరిగెత్తుకొచ్చాడు. చేతికి మెతుకులు అట్లాగే ఉన్నాయి. నన్ను రెక్క పట్టుకుని సంచిలోంచి బయటికి లాగి, లోపలికి చెయ్యి పెట్టి తీశాడు. గుప్పెట్లో కాయ లేదు. తొక్కలు, ముక్కలు, గింజలు, దుమ్ము.

"ఏందే ఈ పని? ఇది ఎవడు కొంటాడు? కారం కొట్టుకోటానికి కూడా పనికిరాదు!"

"ఎండింది నాన్నా, ఊపి చూశాను, గలగలమంటంది..."

"ఎండితే? ఎండినకాయని ఎండలో తొక్కుతారా? మంచు పట్టాలే! రాత్రంతా ఆరుబయట వదిలేస్తే తెల్లారేసరికి మంచుకి కాయ పదునెక్కుద్ది. నొక్కితే వంగుద్ది, విరగదు. ఆ పదునులో తొక్కాలి, ఎండెక్కకముందే కుట్టెయ్యాలి. మంచు పడకపోతే కాసిని నీళ్ళు చిలకరించైనా పదును చేసుకుంటాం."

నాకు ఒళ్ళు మండింది. అర్జీ, సార్, ఏడాదిన్నర, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"మళ్ళీ తడిపేదానికి ఎండబెట్టటం ఎందుకు? ఈ నెమ్ము నెమ్ము అని ప్రాణాలు తీసింది ఎవరు? నా చిన్నప్పట్నుంచీ ఎండబెట్టు, ఎండబెట్టు అని చంపింది నువ్వు కాదూ?"

తాలు ఏరే ఆడవాళ్ళు అప్పుడే తిరిగొస్తున్నారు, అట్లాగే నిలబడిపోయారు. నాన్న నా మొహం వంక చూశాడు. ఇది కాయల గొడవ కాదని అర్థమైనట్టుంది. గొంతు తగ్గించాడు.

"ఎండటం వేరమ్మా, పెళుసెక్కటం వేరు. కుళ్ళేంత తడి ఉండకూడదు. చచ్చిపోయేంత ఎండా ఉండకూడదు. మజ్జిలో ఉంటది పదును. అది రాకుండా ఏ సరుకూ మనిషి మాట వినదు."

నేను కాయల కుప్ప పక్కన కూలబడ్డాను. కళ్ళ ముందు మిరపకాయలు లేవు. నా ఓవెన్ ఉంది. నూటపది డిగ్రీలు. రెండు రోజులు. గలగల. అది పొడవాటి గొలుసుల పదార్థం. గొలుసు గొలుసుకీ మధ్య కాసిని నీళ్ళు ఉన్నంతసేపే అది వదులుగా ఉంటుంది. ఆ నీళ్ళు కూడా లాగేసి, మీద నుంచి కాలిస్తే గొలుసులు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అట్లా కరుచుకున్నాక ఏ తోక వచ్చి లాగినా ఊడిరావు. నేను దాన్ని కరగని దాన్నిగా పుట్టించలేదు. ప్రతిసారీ కరిగేదాన్నే పుట్టించాను. ప్రతిసారీ నా చేతులతో నేనే దాన్ని చంపాను.

"ఏమైందే?" అని నాన్న అడిగాడు.

"పదును" అన్నాను.

"అదే చెబుతున్నా గదా ఇందాకట్నుంచీ!"

మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాను. నిండా ఒక రోజన్నా ఉండకుండా ఏం తొందరే అని అమ్మ తిట్టింది. సంచిలో కవరు అట్లాగే ఉంది.

మర్నాడు ఐసు తెచ్చాను. రంగు వచ్చింది. వడకట్టి కడిగాను. ఓవెన్ తలుపు తీయలేదు. వడపోత కాగితం మీద పరిచి, ఫ్యాను గాలి తగలకుండా గది మూల బల్ల మీద పెట్టాను. ఒక రోజు గడిచింది. వేళ్ళ మధ్య నొక్కి చూశాను. ముద్ద కాలేదు, పొడి పొడిగా రాలలేదు, మెత్తగా అణిగింది. ఊపి చూశాను. చప్పుడు లేదు. నా ప్రాణం గిలగిలలాడింది. నెమ్ముంది, నెమ్ముంది అని లోపల ఎవరో అరుస్తూనే ఉన్నారు. చిటికెడు తీసి క్లోరోఫాంలో వేశాను. ఊపి, బల్ల మీద పెట్టి, గది బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. చూస్తూ కూర్చునే ధైర్యం లేదు.

తిరిగొచ్చేసరికి సార్ ఆ సీసాని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇది ఎప్పుడు ఊపావు?"

"గంటన్నరైంది సార్."

ఆయనే గరాటు పెట్టారు, ఆయనే కాగితం మడిచారు. పచ్చటి ద్రవం ధారగా కిందికి దిగిపోయింది. కాగితం మీద మరక తప్ప ఏం మిగల్లేదు. గాజుపలక మీద నాలుగు చుక్కలు వేసి ఆరనిచ్చాం. పచ్చగాజులా పల్చటి పొర ఏర్పడింది. మీటరు కొసలు ఆనించాను. ముల్లు కదిలింది. సార్ కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఏం మార్చావమ్మా?"

చెప్పాను. కళ్ళం, సంచి, నాన్న అరిచిన అరుపు, అంతా చెప్పాను. ఆయన నుదురు కొట్టుకున్నారు.

"మా పొగాకు బ్యారన్‌లోనూ అంతేనమ్మా! ఆకు కాల్చినాక పదును రానిదే మా నాయన లోపలికి కాలు పెట్టనిచ్చేవాడు కాదు. ముట్టుకుంటే పొడైపోద్దని. అరవై ఏళ్ళొచ్చినా నాకు తట్టలేదే!"

అర్జీ చింపేశాను. నీ పదునే పనిచేసిందని నాన్నకి ఉత్తరం రాశాను. కమిటీలో నేనే వడకట్టి చూపించాను, ఎవరూ అడగకపోయినా. టీ కూడా తాగారు. సార్ జూన్‌లో రిటైరయ్యారు. నేను థీసిస్ రాశాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. నాకు మంచిపేరే మిగిలేది.

థీసిస్ చిత్తుప్రతిలో నేను ఒక వాక్యం రాశాను. ఎండు మిరపని సంచికెత్తే ముందు మంచుకి పదును చేసే మా నాన్న పద్ధతి నుంచి ఈ ఆలోచన వచ్చిందని. సార్ దాని మీద ఎర్ర గీత గీశారు. "మిరపకాయలు ఏందమ్మా ఇందులో? బయటి ఎగ్జామినర్ నవ్వుతాడు. మిగులు తేమ అని రాయి చాలు." నేను ప్రతిదానికీ వాదించే మనిషిని. కామాల కోసం కూడా ఆయనతో పోట్లాడాను. దీనికి మాత్రం పోట్లాడలేదు. సిగ్గుపడ్డాను. నవ్వుతారని నాకూ భయమేసింది. ఆ ఒక్క ముక్క ఒప్పుకోటానికి ఇన్నేళ్ళు పట్టింది. కృతజ్ఞతల పేజీలో అందరూ రాసినట్టే తల్లిదండ్రుల ఆశీస్సులు అని రాసి ఊరుకున్నాను.

డిగ్రీ వచ్చాక నల్ల అట్ట పుస్తకం ఒకటి ఇంటికి తీసుకెళ్ళాను. నాన్న చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయనకి తెలుగు కూడబలుక్కుని చదవటం వచ్చు. ఇంగ్లీషు రాదు.

"నా మాట ఎక్కడ రాశావే?"

"ఏ మాట?"

"అదే, పదును."

కమిటీ ముందు ఆడని అబద్ధం నాన్న ముందు ఆడాను. ఏదో పేజీ తెరిచి, ఏదో లైను మీద వేలు పెట్టి, "ఇదిగో" అన్నాను. నాన్న తన వేలు దాని మీద పెట్టి మెల్లగా చివరి దాకా జరిపాడు.

"ఒక్క లైనేనా?"

"ఇంగ్లీషులో అంతే నాన్నా. పొట్టిగా రాస్తారు."

"సరేలే, రాశావు గదా" అని ఆ పేజీ మూల మడిచాడు. పుస్తకం అక్కడే ఉంచమన్నాడు.

మళ్ళీ ఏడాది, కాయలు సంచికెత్తే రోజుల్లో సెలవు పెట్టి వెళ్ళాను. తెల్లవారుతోంది. కాయలు మంచుకి మెత్తబడి, చేతికి చల్లగా ఉన్నాయి. నాన్న సంచిలో నిలబడి తొక్కుతున్నాడు, నేను అంచు పట్టుకున్నాను. ఇద్దరమే ఉన్నాం.

"నీ పుస్తకం టీ కొట్టు కాడికి తీసకపోయా" అన్నాడు, తొక్కుతూనే. "మన కోల్డ్ స్టోరేజీ గుమాస్తా ఉన్నాడు గదా, ఇంగ్లీషు వచ్చినోడు. మడత పెట్టిన కాడ చదవమన్నా."

నేను సంచి అంచు గట్టిగా పట్టుకున్నాను.

"గాజుసామాను ఎట్టా కడగాలో బాగా రాశావంట."

అంతే అన్నాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. టీ కొట్టు దగ్గర ఆ పొద్దున ఎంతమంది ఉన్నారో నేను అడగలేదు. నాన్నా, నేను, అని మొదలుపెట్టాను.

"సంచి సరిగ్గా పట్టుకో. ఎండెక్కితే పదును పోద్ది" అన్నాడు.

ఆ మాట తరవాత ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఇదంతా తెలుగులో రాస్తున్నది ఆయన చదువుకోగలడనే. కానీ ఆయన కళ్ళు ఈ మధ్య బాగా మసకబారాయి, చదివి వినిపించాల్సింది నేనే. విన్నాక, ఎక్కడ రాశావో వేలు పెట్టి చూపించమంటాడు. ఈసారి ఆ లైను ఉంది. ఊరికి మాత్రం ఇంకా బస్సెక్కలేదు.